ఆహారమునందలి భారలోహములు

భారలోహములు అను పదమునకు రసాయనశాస్త్రమున అందరును అంగీకరించిన హద్దు లేదు. ఘన సెంటీమీటరునకు 5 గ్రాములకు మించిన సాంద్రత గల లోహములన్నియు ఈ కోవలోనివే యని కొందరు నిర్వచింతురు. ఆ లెక్కను ఇనుము, రాగి, తుత్తునాగము కూడ భారలోహములే యగును గాని, ఇవి మితముగా అందనిచో దేహయాత్ర సాగదు. ఆహారకాలుష్యమును గూర్చి వ్రాయువారు ఈ పేరుతో ఉద్దేశించునవి ముఖ్యముగా నాలుగు: సీసము, కాడ్మియము, పాదరసము, ఆర్సెనిక్. వీనిలో తుదిది నిజమునకు అర్ధలోహము. మన పూర్వులు పాషాణమనియు, దాని గంధక సమ్మేళనములను తాళకము, మణిశిల యనియు వ్యవహరించినది దీనినే. నికెలును, ఆరు సంయోజకత గల క్రోమియమును ఈ నాలుగింటి సరసను చేర్చుట పరిపాటి. సీస, కాడ్మియ, పాదరసములతో మానవదేహమునకు ఏ కొంచెమును పని లేదు.

ఆహారమును చెరచు తక్కిన పదార్థములనుండి వీనిని వేరుపరచు లక్షణము ఒకటి కలదు. పాలు విరుగును; నూనె కంపుపట్టును; పురుగుమందు సైతము ఎండకును వానకును నిలువలేక కొంతకాలమునకు విచ్ఛిన్నమగును. సీసము మాత్రము సీసముగనే యుండును. అది నేలనుండి వేరునకు, వేరునుండి ఆకునకు, ఆకునుండి రక్తమునకు, రక్తమునుండి ఎముకకు స్థానము మార్చుకొనునే గాని నశింపదు. రంగుచేత గాని, రుచిచేత గాని, వాసనచేత గాని భోక్తకు దాని ఉనికి తెలియదు. ఒకనాటి భోజనమున దాని మోతాదు లెక్కింపదగినంత యుండకపోవచ్చును. ఏండ్ల తరబడి దినదినము కూడిన మొత్తమే వ్యాధికి హేతువగుచున్నది.

మునిర్కా వంటిండ్లు

లోహముల ఈ సంచారమును గ్రహించుటకు ఢిల్లీలోని మునిర్కా అనువైన స్థలము. ఔటర్ రింగురోడ్డు ప్రక్కను, జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు చేరువను ఉన్న ఈ పేట మొదట టోకస్ వంశీయులగు జాట్ల గ్రామము. మహానగరము పెరిగి దాని పొలములను మ్రింగివేసినను, ఊరు మాత్రము ఇరుకు సందులతోను, ఆ సందులపైకి వంగిన నాలుగైదు అంతస్తుల అద్దెయిండ్లతోను నిలిచియున్నది. విశ్వవిద్యాలయమునకును, సమీపమునందలి ఐ.ఐ.టి.కిని చదువుకొనవచ్చినవారు, పోటీపరీక్షలకు సిద్ధమగువారు, చిన్న ఉద్యోగులు ఈ గదులలో కాపురముందురు. వారిలో ఆంధ్ర తెలంగాణములనుండి వచ్చిన తెలుగువారును ఉన్నారు. 1977లో ఏర్పడిన జాతీయ ఆరోగ్య కుటుంబసంక్షేమ సంస్థ మునిర్కాలోనే యున్నది. విశ్వవిద్యాలయమునందు పర్యావరణశాస్త్రములకు ప్రత్యేక విభాగము కలదు. అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థయు, అందు 1995 నుండి పనిచేయుచున్న జాతీయ విషసమాచార కేంద్రమును ఇచటికి కొలది కిలోమీటర్ల దూరముననే యున్నవి.

అట్టి యొక గదిలోని వంటగూటిని పరికించినచో దేశమంతయు అందు ప్రత్యక్షమగును. ఇంటినుండి సంచిలో తెచ్చుకొన్న బియ్యము కృష్ణా గోదావరుల నీటితో పండినది. పసుపు నిజామాబాదుదో దుగ్గిరాలదో కావచ్చును. అంగడిలో కొన్న పొడియైనచో దాని పుట్టుక పొట్లము మీది పేరును బట్టి తెలియదు. తోపుడుబండి మీది పాలకూర ఆజాద్‌పూర్, ఓఖ్లా మండీల మీదుగా వచ్చినది. అది హర్యానా పొలమున మొలచినదో, యమునయొడ్డున మొలచినదో కూరగాయలవాడును ఎరుగడు. బొచ్చె, శీలావతి చేపలు కొల్లేటి ప్రాంతపు చెరువులనుండి మంచుపెట్టెలలో వచ్చి యుండవచ్చును. సాయంకాలపు పకోడీ పాత వార్తాపత్రికలో చుట్టబడి వచ్చును. ఇన్ని దారులలో ఏ యొక్క దారిని లోహము కలిసినను, అది చేరునది ఆ ఒక్క కంచమునకే.

నీరును నేలయు

లోహము ఆహారమున చేరు మార్గములలో ప్రధానమైనది సేద్యపు నీరు. యమున పొడవు 1,376 కిలోమీటర్లు. అందు వజీరాబాదునుండి ఓఖ్లా వరకు ఢిల్లీలో ప్రవహించు 22 కిలోమీటర్ల భాగము మొత్తములో నూటికి రెండువంతులైనను లేకున్నను, నది మోయు మాలిన్యములో దాదాపు నాలుగింట మూడువంతులు ఇచ్చటనే చేరుచున్నదని లెక్క. ఒకప్పుడు సాహిబీ నదికి దారియై, ఇప్పుడు నజఫ్‌గఢ్ కాలువయని పిలువబడు ప్రవాహము ఈ మాలిన్యమునకు అన్నిటికంటె పెద్ద వాహిని. వజీర్‌పూర్ వంటి పారిశ్రామికవాడలలో ఉక్కురేకులను ఆమ్లములతో కడుగుటవలనను, లోహములకు మెరుగుపూతలు పెట్టుటవలనను పుట్టు వ్యర్థజలములలో నికెల్, క్రోమియములు ఉండును. నగరపు మురుగునీటితో కలిసిన పిమ్మట ఏది ఇంటి మురుగో, ఏది కర్మాగారపు విషమో వేరుచేయుట కష్టము.

మురుగునీరు రైతునకు చౌకగా దొరకును. అందు నత్రజని, భాస్వరములు ఉండుటచేత పైరు ఏపుగా పెరుగును. ఈ కారణముచేతనే నదీగర్భపు ఖాదర్ భూములలో పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి, కాలీఫ్లవరు తరతరములుగా పండుచున్నవి. అన్ని కూరలును లోహమును ఒకే తీరున గ్రహింపవు. ఆకుకూరలు నేలనుండి కాడ్మియమును త్వరితముగా పైకి తీసికొనును. సీసము వేళ్ళవద్దనే అధికముగా నిలిచిపోవును గాని, వాహనముల పొగనుండియు, దారి దుమ్ము నుండియు ఆకుమీద పైపైన పేరుకొనును. సొర, బీర, వంకాయ వంటి కాయలలో లోహాంశము సామాన్యముగా తక్కువ. నేల ఆమ్లత పెరిగిన కొలది కాడ్మియము నీటిలో కరగి వేరునకు సులభముగా అందును. సున్నము చల్లిన నేలలో అది కొంత బంధింపబడును. మురుగునీరు పారని పొలములకు సైతము కాడ్మియము చేరు దారి వేరొకటి కలదు. భాస్వరపు ఎరువులు చేయు కొన్ని శిలలలో అది సహజముగనే యుండును.

2003లో ఢిల్లీ కూరగాయల మీద ఆంగ్ల, భారతీయ పరిశోధకులు కలిసి ప్రకటించిన నివేదికలో, మండీలనుండి తెచ్చిన పాలకూర నమూనాలలో అధికభాగమునందు సీసము నాటి ఆహార కల్తీ నిరోధక చట్టపు పరిమితిని మించియున్నట్లు తేలినది. జాతీయ హరిత ట్రిబ్యునలు 2015 జనవరి 13వ తేదీ తీర్పులో యమునా వరదమైదానమున తినుపంటలు పండింపరాదని శాసించినది. పిమ్మట జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ తూర్పు ఢిల్లీలోని నదీతీరపు కూరగాయలను పరీక్షించి, క్యాబేజి తప్ప తక్కినవానిలో కిలోగ్రామునకు 2.8 మొదలు 13.8 మిల్లీగ్రాముల వరకు సీసమున్నట్లు కనుగొనెను; నాటి పరిమితి 2.5 మిల్లీగ్రాములు. తీర్పు వచ్చినను సేద్యము పూర్తిగా ఆగలేదు. కౌలురైతునకు వేరొక జీవనోపాధి చూపకుండ నిషేధము విధించుట ఎట్టిదో దీనివలన తెలియుచున్నది. నీటిని చెరచినవాడొకడు, పంట కోల్పోవువాడు మరియొకడు.

తెలుగుదేశమున హైదరాబాదు మూసీనది కథయు ఇదే. నగరపు మురుగుతో పారు మూసీ దిగువను పండిన పాలకూర, తోటకూరలను, ఆ నీటితో పెరిగిన గడ్డిని మేసిన పశువుల పాలను పరీక్షించిన హైదరాబాదు శాస్త్రజ్ఞులు, సీస, క్రోమియ, తుత్తునాగములు నేలనుండి పైరునకును, పైరునుండి పాలకును ఎట్లు సాగుచున్నవో 2008లో ప్రకటించిరి. పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థములను మోసికొనిపోయిన నక్కవాగు పరీవాహకమున ఆర్సెనికు కాలుష్యము, అచటి గ్రామముల వారు 1990 నుండి సుప్రీంకోర్టువరకు నడపిన వ్యాజ్యము సుప్రసిద్ధములు.

రంగును మెరుగును

ప్రమాదవశమున గాక, తెలిసి కలుపుటవలన చేరు లోహము మరియొక తరగతి. పసుపుకొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములలో త్రిప్పి మెరుగుపెట్టుదురు. ఆ మెరుగుపట్టు సమయమున, వానకు తడిసి వన్నె తగ్గిన సరుకునకు కాంతి తెచ్చుటకై సీసపు క్రోమేటు అను పసుపుపచ్చని రంగుపొడిని చల్లుట కొన్ని ప్రాంతములలో వాడుకయైనది. ఇది పెయింట్లకు వాడు రంగు. అందు సీసమును, ఆరు సంయోజకత గల క్రోమియమును రెండును కలవు. భారత, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ దేశములలోని 23 నగరములనుండి సేకరించిన పసుపును పరీక్షించి 2024లో ప్రకటించిన అధ్యయనమున, నూటికి సుమారు 14 నమూనాలలో సీసము గ్రామునకు 2 మైక్రోగ్రాములను మించెను. పాట్నాలో దొరకిన కొన్నింటిలో అది 1,000 మైక్రోగ్రాములను దాటెను. మన దేశపు ప్రమాణము పసుపునకు అనుమతించునది గ్రామునకు 10 మైక్రోగ్రాములే. కొమ్ములు కొని దంచుకొన్నచో నిశ్చింత యను గృహిణుల నమ్మిక ఇచట పూర్తిగా చెల్లదు, ఏలయన రంగు పూయునది కొమ్ములకే. మితిమీరిన నిగనిగ గల కొమ్ములకంటె మసకబారిన కొమ్ములే మేలు.

ఢిల్లీ మిఠాయిల మీద అంటించు వెండిరేకు స్వచ్ఛమైన వెండియే కావలెనని నియమము. కల్తీరేకులలో నికెల్, సీస, కాడ్మియములు ఉండవచ్చును. అచ్చుసిరాలో సీసము మొదలగునవి యుండుటచేత వార్తాపత్రికలలో తినుబండారములను చుట్టరాదని భారత ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ 2016లోను, మరల 2023లోను హెచ్చరించినది. నూనె కారుచున్న వేడి పకోడీ ఆ సిరాను కాగితమునుండి సులభముగా లాగికొనును.

పాత్రలును ఇందు భాగస్వాములు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయుట మన ఇండ్లలో తరతరముల ఆచారము. శుద్ధమైన తగరముతో వేసిన కళాయి పులుపునుండి ఇత్తడిని కాపాడును, తగరమునకు బదులు సీసము కలిసినచో ఆ కాపుదలయే విషమగును. చారు కాచుటకు ప్రసిద్ధికెక్కిన సత్తుచెంబు విషయమునను ఇదే సూత్రము వర్తించును: తగరమైనచో చెంబు మంచిదే, సీసము కలిసినచో చింతపండు పులుసు దానిని కరగించి చారులోనికి దింపును. పాతబ్యాటరీలతో, యంత్రభాగములతో కలిపి కరగించిన తుక్కు అల్యూమినియముతో చేసిన చౌకపాత్రలనుండి సీసము దిగుచున్నదని ఇటీవల అమెరికా ఆహార ఔషధ పరిపాలన సంస్థయు హెచ్చరికలు చేసినది. ఊరగాయను జాడీలో పెట్టుమని చెప్పిన పెద్దలు లోహశాస్త్రము చదువకున్నను, పులుపునకును లోహమునకును పొసగదని ఎరిగియుండిరి.

ఒక్కొక్క లోహము, ఒక్కొక్క కీడు

సీసము. పెద్దల కడుపున పడిన సీసములో పదింట ఒకవంతు మాత్రమే రక్తమున చేరగా, పిల్లలలో సగమువరకు చేరును. రక్తమున అది సుమారొక నెల యుండి, ఎముకలలోనికి పోయి సున్నపు స్థానమున కూర్చుండి, దశాబ్దములు అచ్చటనే యుండును. గర్భధారణమునందును, వార్ధక్యమునందును ఎముక కరగునపుడు మరల రక్తములోనికి దిగును. రక్తహీనత, కడుపునొప్పి, నరముల బలహీనత, రక్తపుపోటు, మూత్రపిండముల చేటు దీని ఫలములు. అన్నిటికంటె శోచనీయమైనది పిల్లల బుద్ధివికాసమునకు కలుగు హాని. దీనికి సురక్షితమైన కనిష్ఠ పరిమితి ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అభిప్రాయము. అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యులు 2003లో ప్రకటించిన పరిశోధనయందు, ఢిల్లీలోని పాఠశాలలలోను, ఒక మురికివాడలోను పరీక్షింపబడిన బాలబాలికలలో ఐదింట ఒకవంతునకు కొంచెము తక్కువమందికి రక్తమున డెసిలీటరునకు 10 మైక్రోగ్రాములకు మించి సీసముండెను. యునిసెఫ్ 2020లో వేసిన అంచనా ప్రకారము ప్రపంచమున 80 కోట్లమంది పిల్లల రక్తమున ఈ మోతాదు 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని యున్నది. వారిలో 27 కోట్లకు మించినవారు మన దేశమువారు.

కాడ్మియము. ఇది మూత్రపిండములలో చేరి, పది మొదలు ముప్పది సంవత్సరములకు గాని సగము తగ్గదు. ఎముకలు గుల్లబారుట దీని తుదిదశ. జపానులోని తొయామా ప్రాంతమున, కామియొక గనుల వ్యర్థములు కలిసిన జింజూ నది నీటితో పండిన వరియన్నము తిన్న స్త్రీలు, కదలిన ఎముక విరిగి ఆక్రోశించుటచేత, ఆ దేశభాషలో నొప్పినొప్పి యను అర్థముగల ఇతాయి‌-ఇతాయి అను పేరు ఆ వ్యాధికి వచ్చినది. 1968లో జపాను ప్రభుత్వము దీనిని కాలుష్యజన్య వ్యాధిగా గుర్తించెను. పొగాకు మొక్క కాడ్మియమును విశేషముగా గ్రహించుటచేత, పొగత్రాగువారికి ఆహారముతో వచ్చుదానికి తోడు ఇదియు కలియును.

పాదరసము. జలములలోని సూక్ష్మజీవులు దీనిని మిథైల్ పాదరసముగా మార్చగా, అది చిన్నచేపనుండి పెద్దచేపకు పోవుకొలది సాంద్రతరమగును. జపానులోని మినమాటా అఖాతమున ఒక రసాయనిక కర్మాగారము విడిచిన పాదరసము చేపలద్వారా జాలరి కుటుంబములను చేరి, నాడులను చెరచి, గర్భస్థశిశువులను వికలాంగులను గావించెను. 1956లో ఈ వ్యాధి అధికారికముగా నమోదైనది. ఆ ఊరి పేరిటనే ఏర్పడిన అంతర్జాతీయ ఒడంబడిక 2017 ఆగస్టు 16 నుండి అమలులో నున్నది. సముద్రపు సొరచేప వంటి వేటచేపలలో పాదరసము అధికము. చెరువులలో మేత వేసి పెంచిన బొచ్చె, శీలావతులలో సామాన్యముగా స్వల్పము. కనుక తెలుగువారి చేపలపులుసును ఈ కారణమున విడువనక్కరలేదు.

ఆర్సెనిక్. గంగా బ్రహ్మపుత్రల మైదానములలో భూగర్భశిలలనుండియే ఇది బావినీటిలో దిగుచున్నది. కర్మాగారము లేని పల్లెయందును ఈ విషముండుట దీని విశేషము. నీరు నిలువగట్టిన మాగాణిలో వరిపైరు తక్కిన ధాన్యములకంటె అధికముగా దీనిని పీల్చును. అరచేతులు, అరికాళ్ళు గట్టిపడుట, చర్మముమీద మచ్చలు, తరువాత చర్మ, మూత్రాశయ, ఊపిరితిత్తుల క్యాన్సరులు దీని పరిణామములు. ఆర్సెనికును, కాడ్మియమును అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిస్సంశయమైన క్యాన్సరు కారకములలో చేర్చినది.

ఈ కీడు అందరికి సమానముగా రాదు. ఇనుము, సున్నము కొఱవడిన దేహము వాని తావున సీస, కాడ్మియములను ఆతురముతో గ్రహించును. మన దేశమున అయిదేండ్లలోపు పిల్లలలో మూడింట రెండువంతులకు రక్తహీనత యున్నదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పుచున్నందున, పేదరికము ఇచట విషమునకు తలుపు తీయుచున్నదనుట అతిశయోక్తి గాదు.

ఏలూరు, ఢిల్లీ

2020 డిసెంబరు 5వ తేదీన ఏలూరులో జనులు ఉన్నట్లుండి మూర్ఛలతో, నోట నురుగుతో కూలిపోసాగిరి. కొలది దినములలో బాధితులు ఆరువందలకు మించిరి. అధికులు త్వరలోనే కోలుకొనిరి. వారి రక్తనమూనాలను ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థకు పంపగా, అందు సీసమును, నికెలును హెచ్చుగా కాననైనవి. దేశమంతట భారలోహములను గూర్చి ఒక్కసారిగా చర్చ చెలరేగినది. కాని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మొదలగువాని పరిశోధనలు పురుగుమందుల అవశేషముల వైపు చూపినవి. ఏకకాలమున వందలమందిని పడగొట్టి, ఒక్క పూటలో లేవనిచ్చుట సీసపు స్వభావము గాదని వైద్యులు ఆనాడే సందేహించిరి. రక్తమున లోహము కనబడుట వేరు, కనబడిన లోహమే వ్యాధికి కారణమగుట వేరు అను వివేకము ఈ ఉదంతము నేర్పిన పాఠము. ఆ సీసము మూర్ఛలకు కారణము కాకపోయినను, అది ఆ జనుల రక్తమున ఉండుట మాత్రము ఉపేక్షింపదగినది కాదు.

2015లో నడచిన మ్యాగీ సేమ్యాల వివాదమును ఇట్టిదే. ఉత్తరప్రదేశమునుండి పంపిన ఒక నమూనాలో సీసము పదిలక్షలలో 17.2 వంతులున్నదని కలకత్తా ప్రయోగశాల చెప్పగా, ఢిల్లీ ప్రభుత్వమును తన పరీక్షలను బట్టి అమ్మకము నాపెను. జూన్ 5న ఆహారభద్రతా సంస్థ దేశమంతట వానిని ఉపసంహరింపజేసెను. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలలలో మరల పరీక్షలు చేయించగా సీసము పరిమితికి లోబడియే యున్నట్లు తేలెను. ఒకే పదార్థమునకు రెండు ప్రయోగశాలలు రెండు తీర్పులిచ్చునప్పుడు, ప్రజలకు దేనియందును నమ్మిక నిలువదు. నమూనా సేకరణము, పాత్రశుద్ధి, పరికరముల తూనిక సరిగా లేని చోట అంకె యెంత సూక్ష్మమైనను అది ప్రమాణము గాదు.

శాసనము

1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టమునకు బదులుగా 2006లో ఆహారభద్రతా ప్రమాణముల చట్టము వచ్చినది. 2011లో దానిక్రింద ఏర్పడిన నియమావళి, ప్రత్యేకముగా పేర్కొనని ఆహారములకు కిలోగ్రామునకు సీసము 2.5 మిల్లీగ్రాములు, కాడ్మియము 1.5 మిల్లీగ్రాములు, మిథైల్ పాదరసము 0.25 మిల్లీగ్రాములు మించరాదని విధించినది. అంతర్జాతీయ కోడెక్స్ సంఘము 2014లో పాలిషు బియ్యమునకు కిలోగ్రామునకు 0.2 మిల్లీగ్రాముల నిరింద్రియ ఆర్సెనికును హద్దుగా పెట్టినది. సీసమునకు వారమునకింత తినవచ్చునని పూర్వము చెప్పిన సహనీయ పరిమాణమును అంతర్జాతీయ నిపుణుల సంఘము 2010లో ఉపసంహరించుకొన్నది. పరిమితియనగా రక్షణరేఖ గాదనియు, పాలనకు అనువైన ఒక గీత మాత్రమే యనియు దీనివలన గ్రహింపవలెను.

నివారణము

గృహమున చేయదగినవి కొన్ని కలవు. ఆకుకూరలను నీరుమార్చి రెండు మూడుసార్లు కడిగినచో ఆకుమీది దుమ్ముతోపాటు సీసములో కొంతభాగము పోవును. ఆకులోపలికి ఎక్కినది పోదు. ముల్లంగి, క్యారెట్ల తోలు తీయవలెను. నీటిని మరగించుటవలన సూక్ష్మజీవులు చచ్చునే గాని లోహము పోదు. నీరు ఆవిరియైపోవుటచేత మిగిలినదానిలో దాని సాంద్రత మరింత పెరుగును. అన్నము విషయమున మన తల్లుల పద్ధతికి శాస్త్రము ఇటీవల సాక్ష్యమిచ్చినది. బియ్యమును ఎక్కువ నీటిలో అయిదు నిమిషములు ఉడికించి, ఆ నీరు వార్చి, మంచినీటితో మరల వండినచో ఆర్సెనిక్ తెల్లబియ్యమున నాలుగింట మూడువంతుల వరకు, దంపుడుబియ్యమున సగమువరకు తగ్గునని 2020లో షెఫీల్డు విశ్వవిద్యాలయమువారు నిరూపించిరి. కుక్కరు వచ్చి గంజివార్పును మూలబెట్టినది. గంజితోపాటు కొన్ని బి విటమినులు పోవుటయు నిజమే గాన, ఆర్సెనిక్ గల ప్రాంతపు బియ్యమునకే ఈ పద్ధతి ముఖ్యము. వండునీరే విషపూరితమైనచో ఇది నిష్ఫలము. దినమును ఒకే కూర, ఒకే ధాన్యము తినక మార్చి మార్చి తినుట, పిల్లలకు పాలు, రాగులు, ఉసిరి, పప్పులు సమృద్ధిగా పెట్టుట అన్నిటికంటె సులభమైన రక్షణము.

అనుమానము కలిగినచో రక్తపరీక్షచేత సీసమును, మూత్రపరీక్షచేత ఆర్సెనికును గుర్తింపవచ్చును. లోహమును బంధించి బయటకు పంపు ఔషధములు ఉన్నవి గాని, అవి దేహమునకు కావలసిన ఖనిజములను సైతము ఈడ్చుకొనిపోవును. మోతాదు హెచ్చినవారికి, వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే ఇయ్యదగినవి. శరీరశుద్ధి పేర అంగడిలో అమ్ము మందులకు ఇట్టి ప్రమాణమేదియు లేదు. పైపెచ్చు 2004లో ప్రకటించిన ఒక పరిశోధనయందు, అమెరికాలోని బోస్టను ప్రాంతమున కొన్న 70 ఆయుర్వేదపు మందులలో అయిదింట ఒకవంతునందు సీస, పాదరస, ఆర్సెనికులే కనుగొనబడినవి. ఏ చికిత్సకైనను మొదటి మెట్టు, విషము వచ్చు దారిని మూయుట.

ఆ దారిని మూసినచోట ఫలితము కనబడినది. మన దేశమున పెట్రోలులో సీసము కలుపుట 2000లో ఆగిపోయినది. గాలిలో సీసమును, దానితో పిల్లల రక్తమున సీసమును తగ్గినవి. బంగ్లాదేశమున 2019లో అంగడి పసుపునమూనాలలో నూటికి 47 సీసముతో కలుషితములై యుండగా, ప్రభుత్వము రంగు కలుపువారిని దండించి, వర్తకులకు బోధించి, మిల్లులను పరీక్షించగా 2021 నాటికి అట్టి నమూనా ఒక్కటియు దొరకలేదు. ఈ రెండు పనులును ఏ గృహిణియు తన వంటింట చేయగలిగినవి గావు. పెట్రోలునుండి సీసమును తీసివేసినవారు నూనెశుద్ధి కర్మాగారములవారు. పసుపునుండి తీసివేసినవారు వర్తకులును అధికారులును. యమున విషయమునను, మూసీ విషయమునను ఇట్టి పని ఇంకను జరుగవలసియున్నది.

మునిర్కాలో ఒక తల్లి పాలకూరను మూడుసార్లు కడిగినచో ఆమె బిడ్డ కంచములో సీసము కొంత తగ్గును. ఆ కడిగిన నీరు సందులోని మురుగుకాలువను చేరి, అందులోని లోహము శుద్ధికేంద్రపు మడ్డితో కొంత ఎరువై పొలమునకును, ప్రవాహముతో కొంత యమునకును మరల చేరుచున్నది.